దీన్నెవరు తీసుకుంటారు?

డెల్టా ఊళ్లకు తమ చెత్తను తాము చూసుకునే అవకాశం ఏడాదికోసారి వస్తుంది. ఎండాకాలం కాలువలు కట్టేస్తారు కదా, అప్పుడన్నమాట. అంతదాకా నిండుగా పారుతూ అన్నిటినీ కప్పిపుచ్చిన నీళ్లు తగ్గాక అడుగు బయటపడుతుంది. మా ఊరి నడుమ నుంచి పోయే కాలువ వంతెన మీద నిలబడితే ఏదీ దాగదు. ఎండి పెళుసెక్కిన గుర్రపుడెక్క, దాని వేళ్లలో చిక్కుకున్న షాంపూ ప్యాకెట్లు, చిప్స్ కవర్లు, ముడి విప్పకుండా విసిరిన నల్ల క్యారీబ్యాగులు, ఉబ్బిపోయిన డైపర్లు, థర్మోకోలు ముక్కలు, ఒంటి చెప్పులు, దేవుడి పూలు కవరుతో సహా. (పూలు పవిత్రం కాబట్టి పారే నీళ్లలో కలపాలి. కవరు పవిత్రమో కాదో ఎవరూ అడగరు.)

నాకు మాత్రం అక్కడ లేనివాటి మీదికి పోతుంది చూపు. ఇనుప మేకు ఒక్కటి కనబడదు. రాగి తీగ ఉండదు. సత్తు గిన్నె ఉండదు, పగలని బీరు సీసా ఉండదు. నీళ్ల బాటిళ్లు కాసిని ఉన్నా, గోతాం భుజాన వేసుకున్నవాళ్లు బురదలోకి దిగి మొదటి వారంలోనే ఏరుకుపోతారు. ఇక మిగిలేది ఎంత లేనివాడైనా వంగి తీయనిది. మురికైనంత మాత్రాన, విరిగినంత మాత్రాన ఏ వస్తువూ చెత్త అయిపోదని నాకు ఆ వంతెన మీదే తెలిసింది. దాన్ని తీసుకునేవాడు లేనప్పుడు అవుతుంది.

పొద్దున్నే బండి మైకులో తడి చెత్త, పొడి చెత్త అని పాట వినిపించినప్పుడల్లా, అందులో ఒక చరణం తక్కువైందనిపిస్తుంది. వేరు చెయ్యమంటున్నారు, సరే. వేరు చేసినదాన్ని ఎవరు తీసుకుంటారు? ఆ మాట తెలిస్తే వేరుచేయడం కష్టమైన పనేం కాదు. తెలియకపోతే మూడు రంగుల బుట్టలు మూడు రకాల అయోమయం.

మా అత్తగారింట్లో చెత్తబుట్టే ఉండేది కాదు. ఆవిడ మహా పొదుపరి అని కాదు, ప్రతిదానికీ ఒక గిరాకీ ఉండేది. బియ్యం కడిగిన నీళ్లు, వార్చిన గంజి, సొరకాయ చెక్కు, అరటితొక్క, మిగిలిన అన్నం, అన్నీ పెరట్లో కుడితి గోలెంలోకి పోయేవి. సాయంత్రం పాలావిడ వచ్చి బిందె నింపుకుని వెళ్లేది. బదులుగా మర్నాడు కొలతమీద కొసరు పాలు కాస్త ధారాళంగా పడేవి. పొయ్యిలో బూడిద అంట్లకు. వాకిలి ఊడ్చిన దుమ్మూ ధూళీ దిబ్బమీదికి. ఎండాకాలం రాగానే ఆ దిబ్బను బండికింతని ఖరీదు కట్టి పొలాలకు తోలుకుపోయేవారు. పిల్లల పాత నోటుపుస్తకాలు పచారీ కొట్టుకు పోయి, చింతపండు పొట్లాలుగా మళ్లీ ఇంటికే వచ్చేవి. దువ్వెనకు వచ్చిన జుట్టును ఉండచుట్టి చూరులో దోపేవారు. జుట్టు కొనే మనిషి వచ్చేదాకా అది అక్కడే. వచ్చాక స్టీలు గిన్నో, పిల్లలకు బుడగలో.

ఈ చివరి వ్యాపారం ఇంకా నిక్షేపంగా ఉంది. చూరులు పోయాయి కాబట్టి ఇప్పుడు జుట్టు పాత హార్లిక్స్ సీసాలో దాస్తున్నాం, అంతే. కొనేవాడు మోపెడ్‌కు మైకు కట్టుకుని వస్తాడు. ఆ చిక్కుజుట్టును విప్పి, పొడవుల వారీగా జడలు కట్టి విగ్గులకు పంపిస్తారు. కర్ణాటకలో కొప్పళ పక్కన ఉన్న భాగ్యనగర్ అనే చిన్న ఊళ్లో ఎన్నో కుటుంబాలకు ఇదే జీవనం. దువ్వెన పళ్లలో మిగిలిన వెంట్రుకకు దేశాంతరంలో గిరాకీ ఉన్నప్పుడు, వంటింట్లో మిగిలిన కవరుకు ఎందుకు లేదు?

ఇక్కడ ఆగిపోతే, ‘ఆ రోజులే వేరండీ’ అని తలలూపే వాళ్ల జట్టులో నన్నూ కలిపేస్తారు. ఆ రోజుల్లో పెరటి చివర పాకీ దొడ్డి కూడా ఉండేది. అందులోది ఎత్తుకుపోవడానికి రోజూ తెల్లారకముందే ఒక మనిషి దొడ్డిదారిన వచ్చేది. ఆవిడ ముఖం మా ఇంట్లో సగంమందికి తెలియదు, కులం మాత్రం అందరికీ తెలుసు. ఆ పని చేయించడాన్ని నేరం చేస్తూ 1993లో ఒక చట్టం, అది చాలక 2013లో ఇంకొకటి తేవలసి వచ్చింది. తీసుకునేవాళ్లు ఉండటం ఒక ఏర్పాటు. తీసుకోక తప్పని స్థితిలో కొందరిని ఉంచడం ఇంకోటి. పాత రోజుల్ని మెచ్చుకునేటప్పుడు ఈ రెంటినీ కలిపెయ్యడం మనకు బాగా అలవాటు. ఇప్పుడు కూడా, అన్నీ కలిపి ముడేసి ఇచ్చిన కవరును విప్పే చెయ్యి ఎవరిదో చూస్తే, కులం లెక్క పెద్దగా మారలేదు.

ఆంధ్రప్రదేశ్ పట్టణాల్లో ఇంటికి మూడు బుట్టలు ఇచ్చింది 2021లో, క్లాప్ అనే కార్యక్రమం కింద. గాంధీ జయంతి నాడు మొదలైంది. ఆకుపచ్చది తడికి, నీలంది పొడికి, ఎర్రది ప్రమాదకరమైనవాటికి. దానికి నెలనెలా వసూలు చేసిన రుసుముకు జనం పెట్టిన పేరు ‘చెత్త పన్ను’. ప్రభుత్వం మారాక అది పోయింది, బుట్టలు మిగిలాయి. మా వీధిలో వాటి భవిష్యత్తు ఆశాజనకంగా ఉంది. ఒకరింట్లో ఆకుపచ్చ బుట్టలో కరివేపాకు మొక్క ఏపుగా పెరిగింది. నీలం బుట్టలో బట్టల క్లిప్పులు. ఎర్ర బుట్ట స్నానాలగదిలో నీళ్లకు. బుట్టలకు కొత్త గిరాకీ దొరికింది గానీ చెత్తకు దొరకలేదు.

తడి, పొడి, ఇంటి ప్రమాదకర చెత్త అని మూడుగా విడదీసి ఇవ్వాలని 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనలే చెప్పాయి. అంతకుముందు 2000లో వచ్చిన నిబంధనలకు మూలం 1996లో అల్మిత్రా పటేల్ సుప్రీంకోర్టులో వేసిన వ్యాజ్యం. అంటే ఈ మాట మనకు కొత్తగా చెబుతున్నది కాదు. పాతికేళ్లుగా చెబుతూనే ఉన్నారు, మనం వింటూనే ఉన్నాం.

మా వీధికి చెత్తబండితో వచ్చే ఆవిడ దగ్గర నేను నేర్చుకున్నది నిబంధనల్లో లేదు. ముడేసిన నల్ల కవరు చేతికి రాగానే ఆవిడ వెంటనే విప్పదు. ముందు పైనుంచి వేళ్లతో మెల్లగా ఒత్తి చూస్తుంది, గాజు పెంకులు గానీ సూదులు గానీ ఉన్నాయేమోనని. షుగరున్న ఇళ్లు పెరిగాక ఇన్సులిన్ సూదులు ఎక్కువయ్యాయట. చేతి తొడుగులు ఇచ్చారు గానీ, అవి వేసుకుంటే వేళ్లకు స్పర్శ తెలియదని తీసేసి నడుముకు దోపుకుంటుంది. “తొడుక్కుంటే తెగదు గానీ పని తెమలదండీ టీచరుగారూ” అంది. బండి పక్కన ఒక గోతాం వేలాడుతూ ఉంటుంది. బాటిళ్లు, అట్టలు అందులోకి పోతాయి. ఆవిడ జీతం నెలలు ఆలస్యమైనప్పుడు ఇల్లు గడిచింది ఆ గోతాంతోనే. కూర పులుసు అంటని అట్టపెట్టె మనం ఇస్తే ఆవిడ చేతికి నేరుగా పది రూపాయలిచ్చినట్టే. పులుసు అంటించి ఇస్తే ఆ పది రూపాయలు మనమే లాక్కున్నట్టు. పర్యావరణం, భూతాపం అని నేను తరగతిలో ఎన్ని పాఠాలు చెప్పానో గానీ, నన్ను బుట్ట దగ్గర నిలబెట్టింది ఈ లెక్క.

“మేం వేరుచేసి ఇస్తాం, వాళ్లు బండిలో కలిపేస్తారు, ఇంకెందుకు?” అనే ప్రశ్న నేను చాలా నోళ్ల నుంచి విన్నాను. ప్రశ్నలో న్యాయం ఉంది. మా వీధి బండి లోపల అడ్డుపలక పేరుకే ఉంది, దాని మీదుగా అన్నీ అటూ ఇటూ దొర్లుతుంటాయి. కాకపోతే ఈ న్యాయమైన ప్రశ్న వేసేవాళ్లలో చాలామంది ఏనాడూ వేరుచేసి ఇచ్చినవాళ్లు కారు. బండి కలిపేస్తుందని తెలిసినప్పుడు, బండికి ఇచ్చేదాన్నే తగ్గించుకోవచ్చు. బండి కంటే ముందునుంచీ ఊళ్లో ఉన్నవాళ్లు తీసుకుంటారు.

అలాంటివాళ్లలో పెద్దాయన మా గుజిరీ కొట్టు బాబాయి. రైలుగేటు దగ్గర రేకుల షెడ్డు, ముందు కాటా, వెనక గుట్టలు. నేను ఊళ్లో చూసిన అందరిలో వస్తువుల స్వభావం తెలిసిన మనిషి ఆయన. గిన్నె చేతికిస్తే మొలతాడుకు కట్టుకున్న అయస్కాంతం ఆనించి చూస్తాడు. అంటుకుంటే ఇనుము, లేకపోతే స్టీలు. ప్లాస్టిక్కు డబ్బాను గోటితో కొట్టి, వచ్చే చప్పుడును బట్టి ఏ గుట్టలో వెయ్యాలో చెబుతాడు. అట్టల కట్ట తెస్తే పైన చూడడు, మధ్యలోకి చెయ్యి దూర్చి చూస్తాడు. తూకం కోసం నీళ్లు చల్లి తెచ్చే మొనగాళ్లు ఉంటారట. నీళ్ల బాటిల్ మూత, బాటిల్ ఒకే జాతివి కావు, విడివిడిగా పోతాయి. బాటిల్ కరిగి పాలిస్టర్ నూలు అవుతుంది, దిండ్లలో దూది బదులు కూరేది కూడా చాలావరకు అదే.

పాల కవర్ల విషయంలో బాబాయి నాకు గురువు. “కడిగి ఆరేసిన కవరుకూ, విరిగిన పాలకంపు కొట్టే కవరుకూ ఒకటే రేటిస్తానా టీచరమ్మా?” అన్నాడు మొదటిసారి. ఇప్పుడు మా వంటింట్లో పాల కవరు మూల కత్తిరించేటప్పుడు పూర్తిగా తెగనివ్వం. ఆ చిన్న త్రికోణం ముక్క తెగి కిందపడితే ఇక అది ఏ కాటాకూ ఎక్కదు, నేరుగా కాలువకే. కొసన వేలాడుతూ ఉండేట్టు కత్తిరించి, కవరు తిరగేసి, అంట్లు కడిగిన మిగులు నీళ్లలో ఒకసారి జాడించి, దండెం మీద క్లిప్పు పెడతాం. వచ్చినవాళ్లు చూసి నవ్వుతారు. నవ్వనివ్వండి. నెలకోసారి ఆ కట్ట బాబాయి దగ్గరకు పోతుంది, వచ్చిన డబ్బుతో టీ కూడా సరిగ్గా రాదు. నేను డబ్బుకోసం చేస్తున్నానని ఆయన అనుకోడు, ఆయనకోసం చేస్తున్నానని నేనూ అనను. కవరుకు ఒక చోటు దొరికింది, అంతే.

బాబాయి వద్దనేవి కూడా చూశాను. థర్మోకోలు వద్దు, షెడ్డంతా నిండుతుంది, కాటా ముల్లు కదలదు. పగిలిన గాజు వద్దు, రవాణా ఖర్చులు రావు. చిప్స్ కవర్లు, టూత్‌పేస్టు గొట్టాలు, జ్యూసు డబ్బాలు, చిరిగిన పాలిస్టర్ చీరలు, పరుపులు వద్దు. “ఇయ్యి పోవమ్మా” అంటాడు. ఆయన పక్కన పెట్టినవన్నీ ఓ మూల కుప్పపోస్తే మా కాలువ అడుగు మళ్లీ తయారవుతుంది.

తడి చెత్త సంగతి తొందరగా చెప్పేస్తాను, ఎందుకంటే దానిమీద ఇప్పటికే అవసరానికి మించి ఉపన్యాసాలు ఉన్నాయి. మన ఊళ్ల చెత్తలో సుమారు సగం, చాలాచోట్ల అంతకన్నా ఎక్కువ, అదే. దానికి తీసుకునేవాడు భూమి. బెజ్జాలు పెట్టిన మట్టికుండ, ఒక పొర తొక్కలు, దాని మీద రెండు గుప్పిళ్ల ఎండుటాకులు, అప్పుడప్పుడు పులిసిన మజ్జిగ. నెలన్నర, రెండు నెలలకు మట్టి వాసన వస్తుంది. కంపు కొడుతోందంటే నీళ్లు ఎక్కువయ్యాయని, గాలి ఆడటం లేదని అర్థం, ఇంకాస్త ఎండుటాకు వెయ్యాలి. ఎండుటాకులు మా ఊళ్లో దొరక్క కాదు. వేపచెట్ల కింద ఊడ్చిన ఆకుల్ని రోజూ వీధి మూల తగలబెడతారు, ఆ పొగ పీల్చుకుంటూనే మనం యోగాసనాలు వేస్తాం. కుండ పెట్టే చోటు లేదనేవాళ్లకు వాషింగ్ మెషిన్ పెట్టే చోటు ఎలా దొరికిందో నాకు తెలియదు.

కుండ కన్నా నన్ను బాధించేది ఆవు. ఒకప్పుడు మన తడి చెత్తకు మొదటి హక్కుదారు పశువే. కుడితి గోలేలు పోయాయి, పశువులు ఊళ్లోనే ఉన్నాయి. అన్నం, కూర కవరులో ముడేసి విసిరితే వాటికి ముడి విప్పే చేతులు లేవు. కవరుతో సహా మింగుతాయి, అది కడుపులో చిక్కుపడి బయటికి రాదు. పుట్టపర్తిలో జంతువుల కోసం పనిచేసే కరుణ సొసైటీ వాళ్లు అలాంటి పశువుల కడుపు కోసి కిలోలకొద్దీ ప్లాస్టిక్కు తీసి, 2012లో ఈ విషయం మీద సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. రాయలసీమలో ఒక చిన్న ఊరి నుంచి బయల్దేరిన కేసు అది. గోమాతకు దండం పెట్టి, ఆ చేత్తోనే కవరు ముడి గట్టిగా బిగించేవాళ్లను మా వీధిలో రోజూ చూస్తాను. ముడి వెయ్యకపోతే కంపు కొడుతుందట.

ఊరు పూనుకుంటే ఏం జరుగుతుందో మనవాళ్లు చూపించకపోలేదు. 2000 తర్వాతి తొలి సంవత్సరాల్లో సూర్యాపేట మున్సిపాలిటీ వీధి కుండీలు ఎత్తేసి, ఇళ్ల దగ్గరే తడీ పొడీ విడిగా తీసుకుని, ఒకదాంతో ఎరువు చేసి, రెండోదాన్ని అమ్మి దేశమంతా పేరు తెచ్చుకుంది. అప్పట్లో ఎక్కడెక్కడి నుంచో అధికారులు వచ్చి చూసి వెళ్లేవారు. 2012 అక్టోబరులో వరంగల్‌లో ఇంకో వింత జరిగింది. అప్పటి ఉమ్మడి రాష్ట్రంలోని ఇతర పట్టణాల పారిశుద్ధ్య సిబ్బందిని పిలిపించి, జట్లుగా చేసి, వారం రోజులు ఇంటింటా వేరుచేసిన చెత్త సేకరించడంలో పోటీ పెట్టారు. క్రికెట్‌కు టోర్నమెంట్లు పెట్టే ఊళ్లలో చెత్తకు టోర్నమెంటు! ఇలాంటివాటి బలం, బలహీనత ఒకటే: కమిషనరు ఉన్నంతకాలం ఉంటాయి. గుజిరీ కొట్టుకు బదిలీలు ఉండవు, ఏ ప్రభుత్వం వచ్చినా కాటా పనిచేస్తూనే ఉంటుంది. నిలబడే ఏర్పాటు ఏదైనా ఇలాంటి కొట్లమీద, వాటిని నడిపేవాళ్లతో కలిసి కట్టాలి గానీ వాళ్లను తోసేసి కాదని నా అభిప్రాయం.

ఇక, ఎంత వేరుచేసినా ఎవరికీ పోనివి. వాటిలో మా ఊరి వాటా ఎక్కువగా రూపాయి ప్యాకెట్లది. షాంపూను చిన్న ప్యాకెట్లలో అమ్మే ఆలోచన మన పొరుగునే, తమిళనాడులో కడలూరు అనే చిన్న పట్టణంలో చిన్ని కృష్ణన్ అనే ఆయనకు వచ్చింది. సీసా కొనలేనివాళ్లకూ షాంపూ అందాలన్నది ఆయన ఉద్దేశం, అది నెరవేరింది కూడా. ఆయన కొడుకు సి.కె. రంగనాథన్ పెట్టిన చిక్ షాంపూ వాళ్లు మొదట్లో ఒక పథకం పెట్టారు. నాలుగైదు ఖాళీ ప్యాకెట్లు తెచ్చి ఇస్తే నిండు ప్యాకెట్ ఒకటి ఉచితం. అమ్మకాలు పెంచుకోవడానికి పెట్టిందే, సరే. కానీ ఆ కాస్త కాలమూ ఖాళీ షాంపూ ప్యాకెట్‌కు ఈ దేశంలో విలువ ఉండేది, పిల్లలు వెతికి ఏరి తెచ్చేవారు. ఆ తర్వాత ఎవరూ దాన్ని వెనక్కి అడగలేదు.

ఆ ప్యాకెట్ ఒక పొర కాదు. పైన అచ్చు వేయడానికి ఒక ప్లాస్టిక్కు, నడుమ అల్యూమినియం పూత, లోపల అంటించడానికి ఇంకో ప్లాస్టిక్కు. తేమ పోకుండా, వాసన చెడకుండా కాపాడే తెలివైన పని. ఆ పొరల్ని మళ్లీ విడదీయడం మాత్రం బాబాయి అయస్కాంతం వల్ల కాదు. 2016 ప్లాస్టిక్కు నిబంధనల్లో, మళ్లీ వాడుకోవడానికి వీల్లేని ఇలాంటి పొరల కవర్లను రెండేళ్లలో ఎత్తేయాలని రాశారు. రెండేళ్లు గడిచాయి. 2018లో ఆ వాక్యాన్ని సవరించి, కాల్చి శక్తి రాబట్టడానికి గానీ మరెందుకైనా వాడటానికి గానీ వీలుంటే పరవాలేదన్న అర్థం వచ్చేలా చేశారు. ఎండింది ఏదైనా కాలుతుంది. అలా అన్ని కవర్లూ ఒక్క వాక్యంతో పరిశుద్ధమయ్యాయి. సిమెంటు కొలిమిలో బొగ్గుతో పాటు వేసి కాల్చవచ్చు, నిజమే. మనకు పల్నాడులోనూ నల్గొండ వైపూ సిమెంటు ఫ్యాక్టరీలకు కొదవ లేదు. అయితే వీధి వీధిలో గాలికెగిరే రూపాయి ప్యాకెట్లను ఏరి, ఎండబెట్టి, లారీకెత్తి అక్కడిదాకా పంపే కూలీ ఎవరు ఇస్తారు? షాంపూ రూపాయిలో ఆ కూలీ లేదు.

వేరుచేస్తే చాలు, మిగతాది ఎవరో చూసుకుంటారన్న నమ్మకం ఒక్క మనకే కాదు. టెక్సాస్‌లో ఉన్న మా అక్క కూతురు పెరుగు డబ్బా వేడినీళ్లతో కడిగి, లేబుల్ పీకి, రీసైక్లింగ్ డబ్బాలో వేస్తుంది. వీడియో కాల్‌లో చూసి మా అత్తగారు, “ఆ డబ్బా ఇటు పంపించవే, ఆవకాయ పెట్టుకుందాం” అంది. అమెరికాలో అంత భక్తిగా వేరుచేసిన కాగితం, ప్లాస్టిక్కు ఏళ్ల తరబడి ఓడలెక్కి చైనా వెళ్లేవి. 2018లో చైనా, ఇక మాకొద్దని తలుపు వేసేసింది. తీసుకునేవాడు లేచిపోయాడు. అప్పుడు అక్కడి చిన్న ఊళ్లు కొన్ని రీసైక్లింగే మానుకున్నాయి. కొన్నిచోట్ల కడిగి ఇచ్చిన డబ్బాలు కొలిమికో గోతికో పోయాయి. డబ్బాలు మారలేదు, కడిగిన చేతులూ మారలేదు.

జపాన్‌లో షికోకు దీవిలో కమికత్సు అని కొండల నడుమ ఒక ఊరుంది. జనాభా పదిహేను వందలకు లోపే. చెత్తబండి రాదు, ఎవరి చెత్త వాళ్లే తెచ్చి నలభైకి పైగా రకాలుగా విడదీసి వెయ్యాలి. 2003లో, 2020 నాటికి చెత్తే లేకుండా చేస్తామని ప్రకటించారు. ఆ ఊరి ఏర్పాటులో నాకు బాగా నచ్చింది రకాల సంఖ్య కాదు. ప్రతి పెట్టె మీదా అందులోది ఎక్కడికి పోతుందో, ఏమవుతుందో, దానివల్ల ఊరికి కిలోకు ఎంత వస్తుందో లేదా ఎంత ఖర్చవుతుందో రాసి పెడతారు. అంటే మా బాబాయి మనసులో ఉన్న లెక్కంతా గోడమీద ఉందన్నమాట. అయినా 2020 వచ్చేసరికి సుమారు ఎనభై శాతం దగ్గరే ఆగారు. మిగిలిన ఇరవైలో డైపర్లు, పొరలు పొరలుగా అతికిన వస్తువులు, విడదీయరానివి. ప్రపంచంలో అంత ఓపికగల ఊరు చేతులెత్తేసిన చోట, మా ఊరికి మూడు బుట్టలతో ఏదో అద్భుతం జరుగుతుందని నేను అనుకోను. ఆ ఇరవైని కొనకపోవడం తప్ప దారి లేదు.

శానిటరీ ప్యాడ్ల గురించి మాట్లాడితే పత్రికల్లో ఇంకా కాస్త గొంతు తగ్గిస్తారు. నేను తగ్గించను, ఎందుకంటే దాన్ని చేత్తో తీసేది మా బండి ఆవిడే. ప్యాడ్‌లో ఎక్కువ భాగం ప్లాస్టిక్కే. చుట్టి పారేయడానికి సంచి కూడా కంపెనీలే ఇవ్వాలని 2016 ఘన వ్యర్థాల నిబంధనల్లో రాశారు. ఇచ్చిన సంచి వాడేవాళ్లెంతమందో, కాలువ వంతెన మీద నిలబడితే తెలుస్తుంది. సిద్దిపేటలో 2021లో ‘రుతుప్రేమ’ అని ఒక కార్యక్రమం పెట్టి ఆడవాళ్లకు మెన్‌స్ట్రువల్ కప్పులు, బట్ట ప్యాడ్లు, పసిపిల్లలకు బట్ట డైపర్లు పరిచయం చేశారు. ఒక చిన్న పట్టణం ఆ మాట పైకి అనగలిగిందంటే నాకు చాలా గొప్పగా అనిపించింది. అందరూ మారిపోయారని కాదు. మా వీధిలో ఇద్దరు కాలేజీ పిల్లలు కప్పు వాడుతున్నారు, వాళ్ల అమ్మలకు తెలియదు.

సిద్దిపేట నుంచే వచ్చిన ఇంకో మంచి మాట స్టీలు బ్యాంకు. ఊళ్లోని మహిళా సంఘం దగ్గర స్టీలు పళ్లేలు, గ్లాసులు ఉంటాయి. పెళ్లికో పుట్టినరోజుకో అద్దెకు తీసుకుపోయి, వాడి, కడిగి తిరిగి ఇచ్చేస్తారు. ఇందులో కొత్తేముంది, మన ఊళ్లలో సప్లయి కంపెనీలవాళ్లు గంగాళాలు, గ్లాసులు అద్దెకిచ్చేవాళ్లే కదా అంటారు. ఇచ్చేవాళ్లే. భోజనానికి అరటాకు, లేదా ఏజెన్సీ నుంచి వచ్చే అడ్డాకు విస్తరి. తిన్నాక దిబ్బకో పశువుకో. దాని స్థానంలో లోపల ప్లాస్టిక్కు పూత ఉన్న కాగితం ప్లేటు వచ్చింది. మనిషికో బుల్లి నీళ్ల బాటిల్ వచ్చింది, సగం తాగి వదిలేసేది. ప్లాస్టిక్కు ప్లేట్లు, స్పూన్లు, స్ట్రాలు 2022 జులై 1 నుంచి దేశమంతా నిషేధం. అయినా మా బజారులో, బీరువా వెనక నుంచి తీసి ఇస్తున్నందుకు రూపాయి ఎక్కువ పుచ్చుకుంటున్నారంతే.

ఒక్క ఫ్లెక్సీకి మాత్రం ఈ మొత్తం వ్యవహారంలో నేను దండం పెడతాను. పుట్టినరోజు శుభాకాంక్షల రోజు అయిపోయిన మరుక్షణం దానికి గిరాకీదారు వచ్చేస్తాడు. గడ్డివాము మీద కప్పు, మిరపకాయలు ఆరబోయడానికి పట్టా, పాకకు గోడ. వార్డు ఎన్నికల్లో డిపాజిట్టు పోగొట్టుకున్న నాయకుడొకాయన మా పాలాయన గేదెలకు నాలుగేళ్లుగా నీడనిస్తున్నాడు. దాన్ని అసలు కట్టకుండా ఉంటే ఇంకా బావుండేది, నిజమే. కట్టాక ఇంతకన్నా మంచి గతి పట్టిన ప్లాస్టిక్కు మా ఊళ్లో ఇంకోటి లేదు.

ప్రస్తుతం మా పక్కింటి వదినగారి గృహప్రవేశం మీద చర్చ నడుస్తోంది. బుల్లి బాటిళ్లు వద్దు, స్టీలు గ్లాసులు పెట్టించండి అని నేను పట్టుపట్టాను. వంటాయన తలగోక్కున్నాడు. “పెట్టొచ్చండి, కడగడానికి ఇద్దరు మనుషులు కావాలి, నీళ్ల ట్యాంకరు ఇంకోటి పడుద్దండి.” వదినగారు కాగితం తీశారు. బాటిళ్ల ఖరీదు ఒకవైపు, ఇద్దరి కూలీ, ట్యాంకరు ఇంకోవైపు. కూలీ వైపు కాస్త ఎక్కువే తేలింది.

“ఆ ఖాళీ బాటిళ్లు ఏరేవాళ్లకు మీరేం ఇస్తారు వదినా?” అన్నాను.

“ఏరేవాళ్లకు నేనెందుకివ్వాలి, వాళ్లే వచ్చి ఏరుకుంటారుగా?”

“అందుకే అటువైపు తక్కువ తేలింది.”

వదినగారు చాలాసేపు ఆ కాగితం చూశారు. చివరికి భోజనాల దగ్గర స్టీలు గ్లాసులకు ఒప్పుకున్నారు. పెద్దవాళ్లు కూచునే మొదటి వరసలో మాత్రం బాటిళ్లు పెట్టకపోతే మర్యాదగా ఉండదన్నారు. ఆ పెద్దవాళ్లు ఎవరెవరన్నది ఇంకా తేలలేదు. జాబితాలో నన్ను వెయ్యవద్దని చెప్పాను, మా ఆయన మాత్రం ఏమీ అనలేదు.